చిట్టెం గడ్డ

"ఆపుండ్రి! అండ్ల నా కొడుకున్నడు!"

ఇమామ్ బీ కేకకు చిట్టెం పొడి చేస్తున్న మిషన్ ఆగిపోయింది. ఇబ్రహీంపట్నం శివారులోని ఆ చిన్న యూనిట్‌లో, ఫ్యాక్టరీలు లోహం తీసుకుని పారేసిన చిట్టెం తెచ్చి, పొడి చేసి, సలసల కాగే ఉప్పు ద్రవంలో వేసి, అందులో మిగిలిన నికెల్‌ను విడదీస్తారు. యూనిట్ నడిపే ఉజ్వల గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

ముసలమ్మ వెనక ఆమె కోడలు ఉమ్మే కుల్సుమ్ తలవంచుకుని నిలబడి ఉంది.

"నవాజ్ తల్లిని బిడ్డా," అంది ఇమామ్ బీ. "ఫ్యాక్టరీల పనిజేసుకుంట కొలిమిల పడ్డడు. బొక్క గూడ దొర్కలే. ఆ కొలిమి చిట్టెం మీకే పంపిన్రట. జరంత ఇయ్యి, మట్టి జేసుకుంట."

ఆ ప్రమాదం సంగతి ఉజ్వల విన్నది. లోడు వచ్చిన మాటా నిజమే. కానీ మొన్ననే అదంతా పొడై, ఉప్పులో కరిగిపోయింది. ఇప్పుడు గుట్టగా పోసి ఉన్నది వేరే ఫ్యాక్టరీ చిట్టెం.

"అమ్మా, అది..."

"వాడు పోయినకాంచి మెతుకు ముట్టలే నేను. లేదనకు బిడ్డా."

ఉజ్వల ఆ కళ్ళలోకి చూడలేకపోయింది. గుట్ట దగ్గరికి వెళ్ళి, రెండు చేతులకూ నిండుగా ఉన్న నల్లటి గడ్డనొకటి తెచ్చి ఇచ్చింది. ఇమామ్ బీ దాన్ని కొంగులో పొదువుకుని మెల్లగా నిమిరింది.

"ఎంత బరువైనవ్‌ర కొడకా!"

మధ్యాహ్నం ఇమామ్ బీ ఇంట్లో ఆ గడ్డకు అత్తరు పూసి, తెల్లటి కఫన్ గుడ్డ చుట్టారు. మగవాళ్ళు దాన్ని ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు. ఉజ్వల కూడా వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. మట్టి చేసి వచ్చామని చెప్పగానే ఇమామ్ బీ గొల్లుమంది. చాలాసేపు ఏడ్చి, ఎవరో నోటికందించిన అన్నం ముద్ద మింగింది.

అది చూశాక ఉజ్వల ఉండబట్టలేకపోయింది. కుల్సుమ్‌ను పక్కకు పిలిచింది.

"నన్ను మాఫ్ చెయ్యి కుల్సుమ్. నేనిచ్చింది నవాజ్ పడ్డ కొలిమిది కాదు. ఆ చిట్టెం మొన్ననే కరిగిపోయింది. అమ్మ మొహం చూసి చెప్పలేకపోయిన."

కుల్సుమ్ కళ్ళు తుడుచుకుంది.

"నాకెర్కే మేడం. నిన్ననే వచ్చి మీ వాచ్‌మన్‌ను అడిగిపోయిన. మీరు ఏదో ఒక గడ్డ ఇయ్యకపోతరా అనే అత్తమ్మను తోల్కొచ్చిన."