తేనె లేని అడ్డసరం

"చూశారా? ఇది మొదలెట్టాక మీ నాన్నకి దగ్గే లేదు!" గిన్నెలో మరుగుతున్న అడ్డసరం ఆకుల్ని గరిటెతో అదిమింది కోడలు. ఆమెకి ఆయుర్వేదం మీద గట్టి నమ్మకం, ముఖ్యంగా తాగేది మామగారైనప్పుడు.

"తగ్గిందిగా, ఇంకెందుకే? పోనీ కాస్త తేనె కలుపు. విషంలా ఉంటుంది," అన్నాడు భర్త.

"మళ్ళీ రాకుండా ఉండాలిగా. తేనె పిల్లలకే చాలడం లేదు. అన్నట్టు, ఆదివారం ఆయన్ని మీ అన్నయ్య ఇంట్లో దింపేద్దాం. దగ్గే మనిషినైతే మీ వదిన గుమ్మం ఎక్కనివ్వదు. ఇప్పుడు ఏ వంకా లేదు."

"నాన్నకి చెప్పొద్దూ?"

"కారెక్కాక చెబుదాం. ముందే చెప్తే మొహం వేలాడేస్తారు."

"ఇప్పుడే చెప్పేశావుగా అమ్మా."

ఖాళీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "అలా చప్పుడు చెయ్యకుండా వస్తే ఎలా మామయ్యా?"

"ఇన్నేళ్ళూ దగ్గుతూ వచ్చింది అందుకేగా, మీరు మాట మార్చుకుంటారని. నువ్వేమో దాన్ని రోగమన్నావు. దగ్గడం మానేస్తే ఈ చేదైనా తప్పుతుందనుకున్నాను."

"అయితే... ఇలా ఎప్పట్నుంచి వింటున్నారు?"

"మందు మొదలెట్టిన రోజు నుంచి."

ఆమె చెయ్యి దానంతటదే తేనె సీసా మీదకి వెళ్ళింది.

"తేనె వద్దు," అంటూ ఆయన గ్లాసు చాపారు. "ఆదివారం దాకా ఇలాగే ఇయ్యమ్మా. బాగా పనిచేస్తోంది."