చెంబులో గడప

లైటు వేసుకున్నాక రోజూ ఒక చిన్న బొమ్మ వేయనిదే కృపమణి పడుకోదు. ఈ రాత్రి స్టీలు చెంబు, రెండు వంకాయలు. కంటికి కనబడిందల్లా వేయాలి, అదేందని అడగకూడదు. అదీ ఆమె పద్ధతి. చెంబు మెరుపులో కనబడే, తన వెనకనున్న తెరిచిన తలుపునూ గోరంత వేసింది. తలుపు నడుమ నీలం కనబడితే అదీ అద్దింది.

అద్దాక చెయ్యి ఆగింది. చెల్లెలు యూనీస్ చివరిసారి కట్టుకున్న చీర నీలందే.

పోయినేడు ఇదే వేళకు యూనీస్ గడపలో నిలబడి, “అక్కా, బస్సుకు పోతాండా. ఒకసారి ఇట్లా చూడు, నీ వంకాయలు యాడికీ పోవులే,” అని నవ్వింది. బొమ్మ వేస్తున్న కృపమణి తల తిప్పలేదు. రోడ్డెక్కిన యూనీస్‌ను మైన్స్ లారీ గుద్ది చంపేసింది. చర్చిలో అందరూ అడిగితే, “రోడ్డు దాకా పోయి సాగనంపినా,” అని అబద్ధమాడింది.

బయట లారీల మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. సిగ్గుతో కృపమణి మెడ బిగుసుకుంది. తిరిగితే ఆ మొహం చూడాలి. ఆమె తిరగలేదు. రంగులు తుడిచే గుడ్డ తీసి చెంబు మీద కప్పేసింది.

“సాగనంపినానని అందరికీ చెప్పినావంట గదక్కా,” అంది గొంతు, చెవి పక్కనే. “ఇంగ లే. రోడ్డు దాకా పోదాం రా.”