పుట్టించిన చుట్టరికం

“మీ బాపుకు మా తాత సొంత తమ్ముడు. చిన్నప్పుడే దత్తు పోయిండు, గందుకే మా ఇంటిపేరు వేరయింది” అని రాసి కనుకయ్య పెన్ను ఆపాడు.

“మీ తాతకు అన్న ఎక్కడున్నడు?” జొన్నరొట్టె కాలుస్తూ మల్లవ్వ అడిగింది. “కొడుకు స్వప్నిల్‌కు పిల్లను సూడుమంటే, మొగడా, నువ్వు లేని చుట్టాలను పుట్టిస్తున్నవ్.”

“ఊకో. సచ్చినోళ్లు లేచొచ్చి సాక్ష్యం చెప్తరా?”

ఉత్తరం సిద్ధిరాములుకు. ఎనభై దాటిన మనిషి. కూలి పెంచేదాకా కనేరి వాడలో కరెంటుతో నడిచే సాంచా మగ్గాలన్నీ ఆపించినవాడు. ఆ సమ్మె రోజుల్లోనే కనుకయ్యకు అక్షరాలు దిద్దించాడు. ఇప్పుడు చెవులు పోయాయి, ఏం చెప్పాలన్నా రాసి చూపాల్సిందే. తన బాపు తమ్ముడొకడు దత్తు పోయి ఆచూకీ లేకుండా పోయాడని ముసలాయనే ఒకసారి చెప్పాడు. ఆ ఖాళీలో కనుకయ్య తన తాతను కూర్చోబెట్టాడు. ఆయన నేర్పిన అక్షరాలతో ఆయనకే అబద్ధం రాయడం సిగ్గుచేటే. కానీ కడుపుమంట ముందు సిగ్గు ఎంత?

ఆ మంట పేరు భూమయ్య. కనుకయ్య పక్క సాంచా మీద పనిచేస్తాడు. నిన్నమొన్నటిదాకా ముసలాయన గడప తొక్కనివాడు, నెల రోజులుగా ప్రతి శుక్రవారం, కారఖానాల సెలవు నాడు, నాగావ్‌లో ఆయన ఇంట్లో, మంచం మీదే కూర్చుని కాగితాలు రాస్తున్నాడు. ఆయన చదివి నవ్వుతాడు. కనుకయ్య వెళితే కాగితం మడిచేస్తారు.

“గంతగనం ఏం రాస్తవ్‌రా?” అంటే, “అయినంక చెప్త అన్న” అంటాడు. పైగా ఆ నవ్వొకటి.

సొంత రక్తం వచ్చి నిలబడితే, అప్పుడు భూమయ్య ఎవడు?

శుక్రవారం ఉత్తరం చేతికిచ్చాడు. సిద్ధిరాములు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మా బాపు పానం పొయ్యేదాకా ఆ తమ్మునికోసం ఏడ్చిండు. నువ్వు నా పక్కనే తిరుగుతివి కదరా కొడుకా. ఇగ నన్ను తాత అనకు, పెద్దబాపు అనాలె.”

మంచం మీద పక్కనే ఉన్న భూమయ్య ఉత్తరం అందుకుని చదివాడు. అతని ముఖం మాడిపోయింది.

“భూమయ్యా, నువ్వు అడుగుతున్న ముచ్చట ఇగ ఇడువు,” అన్నాడు ముసలాయన. “అది కుదరది.”

కనుకయ్యకు కడుపు చల్లబడింది.

“కోమలూ,” ముసలాయన లోపలున్న మనవరాలిని, కొడుకు బిడ్డను, పిలిచాడు. “ఇగో, మీ చిన్నాయన. మొక్కు బిడ్డా.”

ఆ పిల్ల మొక్కింది. తల మాత్రం ఎత్తలేదు.

గల్లీలోకి రాగానే కనుకయ్య ఎత్తిపొడిచాడు. “నెల రోజులు రాసి రాసి ఏం సంపాయించినవ్‌రా?”

భూమయ్య నడుస్తున్నవాడల్లా ఆగి అతని వైపు తిరిగాడు.

“కోమల్‌ను నేనడిగింది మన స్వప్నిల్‌కే, అన్న.”