కాలవ శిలాఫలకం

"చినుకు పడితే చాలు, మురుగు నీళ్ళు గుమ్మంలోకొచ్చి పలకరిస్తాయి!" మోకాళ్ళదాకా ప్యాంటు మడుచుకుని సణుగుతూ ఇంట్లోకొచ్చాడు అబ్దుల్ గఫార్. "పోయిన ఎలక్షన్ ముందు కాలవకి శంకుస్థాపన చేశారు. కాలవ మాత్రం ఇంతవరకూ రాలేదు."

"రాయి మనింటికొచ్చిందిగా," అంది భార్య ఖదీజా.

"మెల్లగా! రేపు ఎమ్మెల్యే శ్రీకృష్ణ గారికి మన వీధిలో సన్మానం. రాజకీయాల్లోంచి తప్పుకుంటున్నారుగా. నేను కాలనీ ప్రెసిడెంట్‌ని కాబట్టి టీ మనింట్లోనే."

వీధి మొదట్లో పడిపోయిన నల్లరాతి శిలాఫలకాన్ని గఫార్ ఆమధ్య భద్రపరిచాడు. అంటే, అక్షరాలు కిందికి తిప్పి పెరట్లో బట్టలుతికే బండగా వేయించాడు. నియోజకవర్గంలో ఇలాంటివి చాలా మాయమయ్యాయి. మిగతా దొంగలెవరో గఫార్‌కి తెలీదు.

"ఇప్పుడేం చేయమంటావో నువ్వే చెప్పు!"

"చాప కప్పేస్తా. అయినా ఆయన ఉతుకుడు బండ చూస్తారా? వాళ్ళ గృహప్రవేశంలో హాలు చూశాంగా. నేలంతా నల్లగా అద్దంలా, మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు."

మర్నాడు గఫార్ శాలువా కప్పి, "శ్రీకృష్ణ గారు అడుగుపెట్టిన చోటల్లా శంకుస్థాపనే!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఎమ్మెల్యే గారు కళ్ళు తుడుచుకున్నారు. "నా సేవకి మిగిలిన గుర్తులు ఆ శిలాఫలకాలే. వాటినీ దొంగలు వదల్లేదు. పట్టుకోమని ఎస్సై గారికి చెప్పాను."

గఫార్ చప్పట్లు ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక బందరు లడ్డూ తిని, నేతి చేతుల్తో లేచారాయన. "కాస్త చెయ్యి కడుక్కోవాలి, గఫార్ భాయ్."

కుళాయి పెరట్లోనే ఉంది. గఫార్ వెనకే పరిగెత్తేసరికి ఆయన కాలికింద చాప జారింది. బండ బయటపడింది. ఆయన వంగి, అంచుమీద బొటనవేలు రాశారు. ఓ మూల ఎత్తి కిందికి తొంగి చూశారు.

గఫార్ కళ్ళముందు రేపటి పేపరు కదిలింది, తన ఫొటోతో సహా. "సార్... అది... వానకి పాడవుతుందని..."

ఎమ్మెల్యే గారు అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. చాప లాగి బండమీద మళ్ళీ సరిగ్గా కప్పారు. గఫార్ భుజం తట్టి నవ్వారు.

గఫార్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"భయపడకండి భాయ్," అన్నారాయన గొంతు తగ్గించి. "మా హాలంతా పరిచింది ఇవే."