ఆర్‌సీ అక్కర్లేని బండి

“ఎవరి పేరూ రాయనక్కర్లేని బండి చూపించు,” అన్నది కనకలత.

నెహ్రూ నగర్‌లోని ఆ ఎలక్ట్రిక్ బళ్ల దుకాణాన్ని నడిపేది విక్రమ్. అతను ఆవిడ ముందు నిలబెట్టిన స్కూటరు ఎర్రగా మెరుస్తోంది. దాని ఆర్‌సీ తన పేరున రాయమని ఆవిడ కొడుకు శశిధర్ అప్పుడే పురమాయించాడు. తల్లిని అడగలేదు. అడగడం అతని అలవాట్లలో లేదు.

“ఆర్‌సీ లేకుండా అంటే ఇవే, ఆంటీజీ.” విక్రమ్ గోడవారగా ఉన్న సైకిళ్లలాంటి బళ్లు చూపించాడు. “పాతిక దాటి స్పీడెళ్లవు. అందుకే రిజిస్ట్రేషనూ ఉండదు, లైసెన్సూ అక్కర్లేదు. లేకిన్ మీకు స్కూటరే ఆరామ్‌గా ఉంటుంది. గుడికీ, కూరలకీ...”

“గుడికి కాదు, ఉద్యోగానికి. రేపటినుంచి పొద్దున్న ఆరింటికల్లా దుర్గ్‌లో ఉండాలి. పోనూ రానూ ఇరవై కిలోమీటర్లు. ఈ చలిలో బ్యాటరీ ఎంతదూరం లాగుతుంది?”

“అరవై, ఆంటీజీ. కంపెనీవాళ్లే రాశారు.”

“వాళ్లు రాసింది చదివాను. నేను డిసెంబరు సంగతి అడుగుతున్నాను.”

స్టీల్ ప్లాంటు స్కూల్లో ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన మనిషికి, చల్లబడ్డ బ్యాటరీ ఎలా ప్రవర్తిస్తుందో ఒకరు చెప్పనక్కర్లేదు. ఎదుటివాడు నిజం చెబుతాడా లేదా అన్నది మాత్రమే ఆవిడ పరీక్షిస్తోంది.

విక్రమ్ చెవి గోక్కున్నాడు. “యాభై... నలభై అయిదే అనుకోండి.”

“ఇప్పుడు నీ మాట నమ్ముతాను.”

శశిధర్ ఇక ఆగలేకపోయాడు. “అరవై మూడేళ్లొచ్చి ఉద్యోగమేటమ్మా? సెక్టర్ టూలో అందరూ నన్నేటనుకుంటారు?”

“నిన్ను అనుకోవలసింది వాళ్లు ఇదివరకే అనుకున్నారు.”

“ఆ మంచులో ఏ లారీ కిందో పడితే? అంతగా అయితే నేను దింపుతాను. షిఫ్టు చూసుకుని.”

“నీ షిఫ్టు వారానికోసారి మారుతుంది. అక్కడి హాజరు మారదు. ఒక్కరోజు ఆలస్యమైనా మళ్లీ రానక్కర్లేదన్నారు.”

“షేర్ ఆటోలున్నాయి కదా?”

“ఈ చలికి అవి ఏడు దాటితే గాని కదలవు.”

“మరి ఇంట్లో వంటెవరు చేస్తారేటి?”

“నీకు రెండు చేతులున్నాయి. చురుగ్గానే లేస్తాయని కూడా నాకు తెలుసు.”

శశిధర్ చెవులు ఎర్రబడ్డాయి. విక్రమ్ ఉన్నట్టుండి ఒక బండి హ్యాండిల్ తుడవడంలో మునిగిపోయాడు.

కనకలత గోడవారనున్న ఒక నల్లబండి దగ్గర నిలబడింది. రెండు బ్రేకులూ నొక్కి చూసింది. వెనకదీపం వెలిగించమని, పది అడుగులు దూరం నడిచి, వెనక్కి తిరిగి చూసింది. మంచులో వచ్చే లారీవాడికి అది కనబడితీరాలి.

“సీటు మీ ఎత్తుకి దించేస్తాను, ఆంటీజీ.”

“దించు. మళ్లీ ఎత్తాలంటే పానా కావాలా?”

“అక్కర్లేదు. ఈ పిడి తిప్పితే చాలు.”

“చూడు భయ్యా,” శశిధర్ విక్రమ్‌కి అడ్డం వచ్చాడు. “క్వార్టరు నా పేరున ఉంది. నా కరెంటుతో దీనికి చార్జింగు పెట్టడానికి వీల్లేదు. అది కూడా ఆవిడకి చెప్పి అమ్ము.”

కనకలత అతని వైపు చూడలేదు. “బ్యాటరీ ఊడి వస్తుందా, విక్రమ్?”

“వస్తుంది. సంచిలో వేసుకెళ్లి ఎక్కడైనా చార్జింగు పెట్టుకోవచ్చు.”

“ఇక ఏ కాగితం మీదా ఎవరి పేరూ ఉండదు?”

“బిల్లు ఒక్కటే, ఆంటీజీ. బిల్లు ఎవరి దగ్గరుంటే బండి వాళ్లదే.”

“అయితే ఇదే.”

“పంతమా అమ్మా?” అన్నాడు శశిధర్.

“అవును.”

విక్రమ్ బిల్లు రాసిచ్చాడు. ఆవిడ బిల్లు నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

మర్నాడు, సోమవారం తెల్లవారుజామున అయిదు కాకుండానే ఆవిడ బండి బయటికి తీసింది. వీధిదీపాల చుట్టూ మంచు ముద్దగా పేరుకుని ఉంది. శశిధర్ మంకీ క్యాప్ పెట్టుకుని వరండాలోకి వచ్చాడు.

“పడిపోతే నాకు ఫోను చెయ్యకు!”

“చెయ్యను.”

స్కూలుకి ముప్ఫై ఏళ్లు సైకిలు తొక్కిన కాళ్లవి. నాలుగు గజాల్లోనే బండి వాటి మాట విన్నది. మొదటి షిఫ్టుకి ప్లాంటు వైపు పోతున్న సైకిళ్లలోంచి ఒక పాత విద్యార్థి కేకేశాడు.

“అరే మేడమ్! మీకేటి డ్యూటీ, ఈ చలిలో?”

“నీకున్నదే నాకూ ఉంది. ముందు చూసి తొక్కు, అప్పలసూరీ!”

పెద్దరోడ్డు చేరాక ఆవిడ దుర్గ్ వైపు తిరగలేదు. రోడ్డు దాటి కోహ్కా వెళ్లి, ఒక ఇరుకు సందులో మేడమెట్ల కింద బండి ఆపింది. వేళ్లు కొంకర్లు పోయాయి. వాటిని ఒకసారి ఊదుకుని, తాళంచెవీ బిల్లూ కలిపి పట్టుకుని, మెట్లెక్కి అద్దెగది తలుపు తట్టింది.

దుర్గ్ ఆస్పత్రిలో తొలిరోజు డ్యూటీకి నర్సు యూనిఫాంలో తయారై తలుపు తీసినది, నెల కిందట శశిధర్, కాగితాలు తన పేరున ఉన్నాయంటూ స్కూటీని సైతం లాక్కుని, కట్టుబట్టలతో ఇంట్లోంచి గెంటేసిన ఆవిడ కోడలు, కల్యాణి.