సగం మాత్ర

"డాక్టరమ్మా, మీరు రాసిన దాంట్లో నాకు సగం చాలట!"

బయటికి వెళ్ళిన పేషెంటు రెండు నిమిషాల్లో చీటీతో సహా తిరిగొచ్చింది.

ఆమె స్కూలు వ్యాను డ్రైవరు. రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు. అందుకే డాక్టరమ్మ నిద్రమాత్ర రాసింది.

"ఎవరు చెప్పారు?"

"బయట బెంచీ మీద పెద్దావిడ."

మళ్ళీ ఆవిడేనా! డాక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఆ క్లినిక్కులో నిద్ర పట్టనివాళ్ళని సోమవారం చూస్తారు. ఏ సోమవారం చూసినా ఆవిడ ఆ బెంచీ మీద హాజరు. జబ్బూ లేదు, టోకెనూ లేదు. వచ్చేపోయేవాళ్ళ మందుల చీటీలు అడిగి మరీ చూడటమే పని. రాత్రింబవళ్ళు చదివి డాక్టరైన మనిషికి ఇంతకన్నా తలవంపులు ఇంకేముంటాయి చెప్పండి!

విసవిసా హాల్లోకి వచ్చింది.

"ఏమ్మా, మీరేం చదువుకున్నారు?"

"బస్సుల మీద బోర్డులు చదువుతాను తల్లీ."

హాల్లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

"మరి నేను రాసిన డోసు మార్చడానికి మీరెవరు?"

"మార్చలేదమ్మా. మిమ్మల్ని ఓసారి అడిగి రమ్మన్నాను. ఈ అమ్మాయి పొద్దున్న ఎన్నింటికి బండెక్కుతుందో కనుక్కున్నారా?"

డాక్టరమ్మ కనుక్కోలేదు.

"ఆ మాత్ర ఆడవాళ్ళని తెల్లారినా వదలదు తల్లీ. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి ఇంకా నిద్రలోనే ఉంటుంది. బండి నిండా పసిపిల్లలు మరి."

"మిమ్మల్ని వదల్లేదేమో! లోకానికంతా మీ ఒళ్ళే కొలబద్దా?"

ఆవిడకి కోపం రాలేదు. చేతిసంచీ తీసుకుని మెల్లగా లేచింది.

"నా మాట నమ్మొద్దులెండి. పుస్తకం తీసి చూడండి."

"ఇంకోసారి ఇక్కడ కనిపించకండి."

"అలాగే తల్లీ" అని వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ లోపలికొచ్చి కూర్చుంది. ఉక్రోషం ఇంకా తగ్గలేదు.

"వ్యాను ఎన్నింటికి తీస్తారు?"

"ఐదున్నరకమ్మా."

"మాత్ర ఎన్నింటికి వేసుకుందామనుకున్నారు?"

"పనులన్నీ తెమిలేసరికి పదకొండవుతుంది."

డాక్టరమ్మ బీరువాలోంచి పెద్ద పుస్తకం లాగింది. ఆ ముసలావిడ చెప్పింది తప్పని తేల్చడానికే లాగింది.

నిద్రమాత్రల పేజీ. మింగిన మందు గంటగంటకీ రక్తంలో ఎంత మిగిలిందో చూపించే గీతలు రెండు. మగవాళ్ళ గీత తెల్లారేసరికి నేలకి దిగిపోయింది. ఆడవాళ్ళ గీత ఇంకా పైనే ఉంది. కింద రెండే రెండు వాక్యాలు. 'స్త్రీలకు సగం మాత్రతో మొదలుపెట్టాలి. ఎనిమిది గంటలు గడవనిదే వాహనం నడపరాదు.'



కొత్త పేజీ కూడా కాదు. పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టిన పేజీ! రోజుకి అరవై మందిని చూసే హడావిడిలో చెయ్యి అలవాటుగా పూర్తి మాత్ర రాసేస్తోంది. ఇన్నాళ్ళూ ఎంతమంది ఆడవాళ్ళకి రాసిందో!

పాత చీటీ చింపేసి కొత్తది రాసింది.

"సగమే వేసుకోండి. తొమ్మిదింటికల్లా వేసుకుని పడుకోవాలి. మొదటిసారి మాత్రం మర్నాడు సెలవున్న రోజు చూసుకోండి, ఆ మర్నాడు బండి ముట్టుకోవద్దు. నిద్ర రాలేదని మిగతా సగం మింగొద్దు. నా దగ్గరికి రండి."

"పెద్దావిడా అచ్చం ఇదే చెప్పిందమ్మా!"

ఆ వారమంతా డాక్టరమ్మ పాత పేషెంట్లకి ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి డోసులు సరిచేసింది. సోమవారం ఆ పెద్దావిడ చేతులు పట్టుకుని క్షమించమని అడగాలనుకుంది.

బెంచీ ఖాళీగా ఉంది.

ఆ పై సోమవారం వ్యాను డ్రైవరు వచ్చింది. మొహం తేటపడింది.

"ఆరు గంటలు హాయిగా పడుకుంటున్నానమ్మా. పొద్దున్నే తల కూడా తేలిగ్గా ఉంటోంది."

"ఆ పెద్దావిడ ఎక్కడుంటుందో తెలుసా?"

"ఇల్లు తెలీదమ్మా. మొన్న బస్టాపులో కనిపించింది. మీరు పుస్తకం తీసి చూశారని చెబితే ఎంత సంబరపడిందో!"

మూడో సోమవారం ఒక ముసలాయన వచ్చాడు. డాక్టరమ్మ కుర్చీలోంచి దిగ్గున లేచింది. ఆ పెద్ద పుస్తకం రాసిన ప్రొఫెసరు! అట్ట మీద ఫొటోలో తప్ప ఎన్నడూ చూడలేదు.

"సార్! మీరా?"

"సోమవారాలు ఇక్కడ ఒక పెద్దావిడ కూర్చునేదట. ఏ బెంచీ అమ్మా?"

హాల్లోకి తీసుకెళ్ళి చూపించింది. ఆయన కూర్చోలేదు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, దాని ముందు అలాగే నిలబడ్డాడు.

"మీకు చుట్టమా సార్?"

"కాదమ్మా. నిన్న పోయింది. వాళ్ళమ్మాయి దగ్గర్నుంచే వస్తున్నా. నువ్వు పుస్తకం తీసి చూశావని ఇంట్లో చెప్పుకుని మురిసిపోయిందట."



"ఆవిణ్ణి ఇక్కణ్ణుంచి వెళ్ళగొట్టాను సార్."

"నేనూ వెళ్ళగొట్టాను, ముప్పై ఏళ్ళ కిందట. సిటీ బస్సు నడిపేది. మాత్ర మధ్యాహ్నం దాకా వదలట్లేదు బాబూ అంటే, బద్ధకానికి నా దగ్గర మందు లేదు పొమ్మన్నాను. అప్పటికి మేం ఆ మందుని మగవాళ్ళ మీదే పరీక్షించాం."

"మరి వెళ్ళిపోయిందా?"

"మర్నాడే వచ్చి చెయ్యి చాపింది, రక్తం తీసి చూడమని. ఉద్యోగానికి సెలవు పెట్టి పదకొండు రాత్రులు మా వార్డులో మాత్ర మింగి పడుకుంది. పదకొండు రోజులూ తెల్లారగానే గంటకోసారి సూది పొడిపించుకుంది. ఆ లెక్క చూశాకే మరికొందరు ఆడవాళ్ళని పిలిచి పరీక్షించాం."

 

ప్రొఫెసరు బెంచీని ఒకసారి చేత్తో తడిమాడు.

"పుస్తకం మీద నా పేరుంది గానీ, ఆ పేజీలో నువ్వు చూసిన రెండో గీత ఆవిడ ఒంట్లోంచి వచ్చిందమ్మా."