అప్పుడు, ఇప్పుడు

పురసవాక్కం బస్టాపు ఎదురుగా ఆ బోర్డు పెట్టి మూడు రోజులైంది. మూడు రోజులుగా జీవితకు ఒళ్లు మండిపోతోంది.

బోర్డు మీద రెండు ఫొటోలు. ఎడమవైపు లావుగా, కింద ‘అప్పుడు: నూట పదహారు కిలోలు’. కుడివైపు సన్నగా, కింద ‘ఇప్పుడు: సగానికి సగం’. రెండింట్లోనూ అదే ముక్కు, అదే వెడల్పాటి నుదురు. పైన ఆస్పత్రి పేరు, ఇంత పెద్ద అక్షరాల్లో.

ఆమె పనిచేసే బట్టల కొట్టు ఆ స్టాపు పక్కనే. చేరి ఆర్నెల్లయింది. చీరలు చూడ్డానికి వచ్చినవాళ్లు చీరలు మానేసి ఆమెను చూస్తున్నారు.

"ఆ బోర్డులో ఉండేది నువ్వే గదమ్మా. భలే తగ్గినావే," అని ఒకావిడ చెయ్యి పట్టుకుని మరీ మెచ్చుకుంది. జీవిత పళ్లు బిగబట్టి చీర మడత పెట్టింది.

జనం మాటలైతే ఎలాగో ఓర్చుకునేది. కానీ రేపు ఇంట్లో ప్రార్థన ఉంది. అంబత్తూరు నుంచి అమ్మ పచ్చయమ్మ బస్సెక్కి వచ్చి సరిగ్గా ఆ స్టాపులోనే దిగుతుంది. అమ్మ కంట ఆ బోర్డు పడకూడదు. ఈ సాయంత్రానికల్లా అది దిగి తీరాలి.

మధ్యాహ్నం సెలవు పెట్టి నేరుగా ఆస్పత్రికి వెళ్లింది.

రిసెప్షన్‌లో అమ్మాయి ఆమెను చూడగానే గుర్తుపట్టి నవ్వింది. "బ్యాండు బిగించుకోడానికా మేడమ్, వదులు చేయించుకోడానికా?"

"మీ బోర్డు పీకించడానికి," అంది జీవిత.

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్‌లో కొట్టింది. ఆపరేషన్ ఎప్పుడైందని అడిగింది.

"పోయినేడు. ఇదే నెల."

కాసేపు కూర్చోమంది. పక్క కుర్చీలో ఒక భారీ మనిషి కూర్చుని ఉంది. తన పేరు కనకవల్లి అనీ, ఇల్లు కోడంబాక్కం అనీ అడగకుండానే చెప్పేసింది.

"నిన్ను బోర్డులో చూసే నేను ధైర్యం చేసినా తల్లీ. సోమవారం నాకు ఆపరేషన్. కడుపు పైన బెల్టు మాదిరి బ్యాండు చుట్టి, సూదితో దాంట్లోకి నీళ్లెక్కించి బిగిస్తారంట గదా. ఇంత తింటేనే చాలు అనిపిస్తాదంట. నొప్పేమైనా ఉంటాదా?"

జీవిత ఆమె వైపు తిరిగింది. ఈ అమాయకురాలికి ఏమని చెప్పాలి?

"నన్ను చూసి ఏదీ చేయించుకోవద్దమ్మా. మంచి చెడ్డా రెండూ డాక్టర్ని అడుగు."

కనకవల్లి మూతి ముడిచింది. "నువ్వు సన్నబడినావు, సరి. ఇంకొకరు సన్నబడకూడదా?" అని అటు తిరిగి కూర్చుంది.

అప్పుడు వచ్చాడు శ్రీకుమార్, ఆస్పత్రి పబ్లిసిటీ చూసే ఆఫీసరు. చేతిలో ఫైలు, ముఖాన అతికించుకున్న నవ్వు. ఆమె తెలుగని తెలిసి తమిళం వదిలి తెలుగులోకి దిగాడు.

"చెప్పండి మేడమ్. మా ఆస్పత్రికే స్టార్ మీరు."

"ఎవర్ని అడిగి పెట్టినారు సార్ ఆ ఫొటోలు?"

అతను తాపీగా ఒక కాగితం తీసి చూపించాడు. "ఫొటోలు వాడుకోవచ్చని రాసిచ్చిండారే. ఈ సంతకం మీదే గదా?"

ఆమెదే. ఆ రోజు ఈడ పెట్టమ్మా, ఆడ పెట్టమ్మా అని ఇరవై కాగితాలు ముందుకు తోశారు. ఒక్కటీ చదవనివ్వలేదు. చదవకుండా పెట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సంతకం నాదే. బోర్డు మాత్రం ఈ రోజే తీసెయ్యండి. రేపు మా అమ్మ ఆ దారినే వస్తాది."

"ఓ, అమ్మకు తెలీకుండా చేయించుకున్నారా?" అతను సరదాగా నవ్వాడు. "చూడనీండి మేడమ్. ఇట్ట మారిన బిడ్డను చూస్తే ఏ తల్లికైనా కళ్లు చల్లబడతాయి."

జీవిత అరచేత్తో టేబుల్ మీద ఒక్కటేసింది. హాలంతా ఇటు తిరిగింది. కనకవల్లి కూడా తిరిగింది.

"ఆ ఫైలు పూరా చదివినావా నువ్వు?" మర్యాద జారిపోయింది. జారితే జారనీ.

"లోపలి పేజీలు డాక్టర్లకు మేడమ్, మాకెందుకు? మొదటి పేజీలో రెండు ఫొటోలు పిన్ను కొట్టి ఉండాయి. లావుగా ఒకటి, సన్నగా ఒకటి. మాకది చాలు."

జీవిత ఆ ఫైలు లాక్కుని, చివరి పేజీ తెరిచి అతని ముఖం ముందు పెట్టింది.

"ఆ సన్నటిది, పేషంటుకు తోడుండేవాళ్ల పాసు కోసమని మీ కౌంటర్‌లోనే తీసిన నా ఫొటో, లావుగా ఉండేది మా అక్క, పొద్దున తన కాళ్లతో తాను నడిచి మీ థియేటర్‌లోకి పోయిన మనిషిని సాయంత్రానికి గుడ్డ చుట్టి మా అమ్మకు అప్పజెప్పినారు."